అక్క తిమ్మిర్లు, నా తిమ్మిర్లు

నా మెడ మీద కోత గీత ఇప్పుడు పాతబడింది. కొంగు సరిచేసుకునేటప్పుడు తప్ప నాకు గుర్తు రాదు. కాని బోధన్ బస్టాండులోనో, బడి గేటు దగ్గరో ఎవరో ఒకామె ఆ గీతను చూసి ఆగుతుంది. తన మెడ మీద చెయ్యి పెట్టుకుని, "బాగ నొస్తదా అమ్మా?" అని అడుగుతుంది. అందరూ నొప్పి గురించే అడుగుతారు. నొప్పి ఓర్చుకోవచ్చు అంటాను. ఆపరేషన్‌కు ముందే విటమిన్ డి ఎంతుందో చూపించుకోండి, తర్వాత చేతులు తిమ్మిరెక్కితే, మూతి చుట్టూ చీమలు పారినట్టుంటే ఒక్క గంట కూడా ఊరుకోవద్దు అంటాను. వాళ్ళు తలూపుతారు. వాళ్ళకు కావలసింది ధైర్యం, నేను చెప్పేది ఇంకో పని. బస్సు వచ్చేలోగా ఇంతకంటే చెప్పలేను. మిగతాది ఇక్కడ రాస్తున్నాను.

1996 ఎండాకాలం

మాది రెంజల్ దగ్గర పల్లె. ఇద్దరం ఆడపిల్లలం. పెద్దది గంగమణి, నేను శోభను. అక్కను నిజామాబాద్‌లో ఇచ్చారు. నేను టీచరునై, బోధన్ చక్కెర ఫ్యాక్టరీలో పనిచేసే ఆయనను చేసుకుని అక్కడే ఉండిపోయాను.

అక్క బీడీలు చేసేది. వాళ్ళ గల్లీలో ఆడవాళ్ళందరిదీ అదే పని. నానబెట్టిన తునికాకును తడిగుడ్డలో చుట్టి ఉంచుతారు. ఎండ తగిలితే ఆకు పెళుసై, చుట్టేటప్పుడు చిరుగుతుంది. అందుకని పొద్దున్నుంచి చీకటి పడేదాకా లోపలి అర్రలో, వెలుతురు సరిగా రాని చోట, ఒళ్ళో చాట పెట్టుకుని కూర్చుంటారు. నిజామాబాద్ ఎండకు తారు రోడ్డు మెత్తబడుతుంది. ఆ ఎండ ఈ ఆడవాళ్ళ మీద మాత్రం పడదు.

ఆ పనిలో చేతులు తిమ్మిరెక్కడం రోజూ ఉండేదే. రెండుసార్లు విదిలించి మళ్ళీ ఆకు అందుకుంటారు. దాన్ని జబ్బు అనుకున్నవాళ్ళను నేను చూడలేదు. తిమ్మిర్లు అంటే పని చేసినట్టు, అంతే.

అక్క గొంతు మీద గడ్డ పెరిగింది. మింగడం కష్టమైంది. హైదరాబాద్‌లో ఒక పెద్ద ఆసుపత్రిలో థైరాయిడ్ అంతా తీసేశారు. ఆపరేషన్ బాగా జరిగిందన్నారు. నిజంగానే బాగా జరిగింది. మర్నాడు అక్క లేచి కూర్చుని, పక్క మంచం ఆమెకు మా అత్తగార్ల కథలు చెప్పి నవ్వించింది.

సాయంత్రం చిన్న డాక్టరు ఒకాయన వచ్చాడు. వరసగా అందరినీ అడుగుతూ మా దగ్గరికి వచ్చి, "చేతులు తిమ్మిర్లు ఏమైనా ఉన్నాయా అమ్మా?" అన్నాడు.

అక్క నవ్వింది. "అవి ఎప్పటియే సార్. బీడీలు చేసేటోల్లకు తిమ్మిర్లు గాక ఇంకేముంటయి?"

ఆయన కూడా నవ్వి పక్క మంచానికి వెళ్ళాడు. నేను అక్కడే నిలబడి ఉన్నాను. ఆ జవాబులో నాకు తప్పేమీ కనిపించలేదు. ఇప్పుడు కూడా అందులో అబద్ధం లేదు. ఆయన అడగవలసింది అడిగాడు, ఆమె ఉన్నది చెప్పింది. ఇద్దరూ ఒకే మాట వాడారు. ఆయన అడిగిన తిమ్మిరి వేరు, ఆమె చెప్పిన తిమ్మిరి వేరు. ఈ సంగతి తెలియడానికి నాకు తొమ్మిదేళ్ళు పట్టింది.

మర్నాడు ఇంటికి పొమ్మన్నారు. అక్క, బావ, నేను నిజామాబాద్ బస్సెక్కాం. కామారెడ్డి దాటాక అక్క పెదవులు తుడుచుకోవడం మొదలుపెట్టింది.

"మూతి మీద చీమలు పారుతున్నయే శోభా. దవాఖాన బిస్కెట్ల చక్కర అంటిందేమో, జర సూడు."

చూశాను. ఏమీ లేదు.

"అత్తగారి మీద గన్ని కథలు చెప్తివి, మూతి గుంజకపోతదా?" అన్నాడు బావ.

అక్క ఆయన భుజం మీద కొట్టింది. కొట్టిన చెయ్యిని విదిలించింది. మళ్ళీ విదిలించింది. మేం ముగ్గురం నవ్వుకుంటూనే ఇల్లు చేరాం.

పల్లె నుంచి మా అమ్మ వచ్చి ఉంది, మేం అవ్వ అని పిలుస్తాం. చేతులు గుంజుతున్నాయని అక్క అంటే అవ్వ నూనె కాచి పిసికింది. గల్లీ ఆడవాళ్ళు చూడ్డానికి వచ్చారు. "పని బందైంది గదా, చేతులు అలిగినయి," అన్నారు. మర్నాడు పొద్దెక్కాక అక్క కుడి చెయ్యి మణికట్టు దగ్గర వంగింది. బొటనవేలు లోపలికి పోయి, వేళ్ళన్నీ దాని చుట్టూ దగ్గరికొచ్చి బిగుసుకున్నాయి. విప్పితే విప్పుకోలేదు. పక్కింటి సత్తెవ్వ చూసి, "అయ్యో, ఒట్టి చేతుల్తోనే బీడీ సుడుతున్నది సూడుండ్రి!" అంది. చూస్తే అచ్చం అలాగే ఉంది. అందరూ నవ్వారు. అక్క కూడా నవ్వబోయింది. అప్పటికే గొంతు సన్నబడి నవ్వు పైకి రాలేదు. గొంతు ఆపరేషన్ కదా, అట్లనే ఉంటుంది అనుకున్నాం. అవ్వ ఆ చెయ్యి ఒళ్ళో పెట్టుకుని పిసుకుతూనే ఉంది.

తర్వాత ఊపిరి కీచుమని లోపలే ఆగింది. ఒళ్ళంతా కొట్టుకుంది. ఆటోలో దవాఖానకు తీసుకుపోయాం. "ఫిట్స్ ఎప్పటి నుంచి ఉన్నయి?" అని అడిగారు. ఎప్పుడూ లేవని బావ చెప్తుండగానే లోపలి నుంచి ఒకరు వచ్చి గుండె ఆగిందన్నారు.

దినాల్లో అందరూ ఒకటే అన్నారు. ఆపరేషన్ కలిసి రాలేదు. మా వైపు ఈ మాట అన్నాక ఎవరూ ఇంకేమీ అడగరు. బండి కొంటే కలిసి రాలేదు, బోరు వేస్తే కలిసి రాలేదు, అక్క మెడ కోస్తే కలిసి రాలేదు. నేను చదువుకున్నదాన్ని, పుస్తకాలున్న ఇల్లు నాది. నేను కూడా ఆ మాటే అన్నాను.

2005 జూన్

అక్క పోయిన మూడో ఏట నా మెడ మీద చిన్న గడ్డ తగిలింది. ఎవరికీ చెప్పలేదు. కొంగు మెడ చుట్టూ కప్పుకుని బడికి పోయేదాన్ని. ఏళ్ళు అట్లా గడిచాయి. ఫ్యాక్టరీలో పని తగ్గి మా ఆయన ఇంటిపట్టున ఉండటం మొదలయ్యాక దాచడం కుదరలేదు. ఒకరోజు మధ్యాహ్నం నేను కునుకు తీస్తుంటే లేపి కూర్చోబెట్టాడు.

"గురక గాదే ఇది. ఎవరో గొంతు పిసికినట్టు వినవస్తున్నది. నడువు, పట్నం పోదాం."

"పోయి?"

"పోయి సూపిచ్చుకుందాం. కొయ్యమన్ననా నేను?"

హైదరాబాద్‌లో కొయ్యాలనే అన్నారు. గడ్డ గాలి గొట్టాన్ని పక్కకు నెట్టేసింది. ఇంకా పెరిగితే పడుకుని ఊపిరి తీసుకోలేను. ఈసారి ఆసుపత్రి వేరు, డాక్టరు వేరు. ఆవిడ వయసు నా వయసే ఉంటుంది. మీ ఇంట్లో ఎవరికైనా ఉందా అని అడిగితే అక్క సంగతి చెప్పాను. ఆపరేషన్ కలిసి రాలేదని చెప్పాను.

ఆవిడ కలం పక్కన పెట్టారు. "కలిసి రాలేదంటే? ఏం జరిగిందో వరసగా చెప్పండి."

చెప్పాను. చెయ్యి వంగిన తీరు నా చేత్తో చేసి చూపించాను. ఆవిడ నా చెయ్యి వంక చూశారు.

"మూతి చుట్టూ కూడా తిమ్మిరిగా ఉందన్నారా ఆవిడ?"

బిస్కెట్ల చక్కెర గుర్తొచ్చింది. తలూపాను.

అప్పుడు చెప్పారు. థైరాయిడ్‌కు అంటుకుని చిన్న చిన్న గ్రంథులుంటాయి, రక్తంలో కాల్షియంను చూసుకునేవి అవే. ఎంత జాగ్రత్తగా కోసినా కొన్నాళ్ళు అవి మొద్దుబారతాయి. అప్పుడు కాల్షియం పడిపోతుంది. ఒంట్లో విటమిన్ డి సరిపడా ఉన్నవాళ్ళు కొంత తట్టుకుంటారు. లేనివాళ్ళకు ఇంకా వేగంగా, ఇంకా లోతుకు పడిపోవచ్చు. ముందు చేతులు, మూతి తిమ్మిరెక్కుతాయి, తర్వాత వేళ్ళు బిగుస్తాయి, తర్వాత గొంతు.

"బీడీలు చేస్తే చేతులకు తిమ్మిర్లు రావచ్చు," అన్నారు. "మూతికి రావు."

ఓదార్చనందుకు ఆవిడకు ఇప్పటికీ కృతజ్ఞురాలిని.

బయటికొచ్చి కుర్చీలో కూర్చున్నాను. రక్త పరీక్షకు పిలుస్తారు, టోకెన్ చేతిలో ఉంది. అంకెలు కనిపిస్తున్నాయి గాని చదవడం చేతకాలేదు. పక్కన బురఖాలో ఒక పెద్దావిడ. నా వేళ్ళ మధ్య నుంచి టోకెన్ తీసుకుని తన దాంతో కలిపి పట్టుకుంది. తన నీళ్ళ సీసా నా ఒళ్ళో పెట్టింది. నా వంతు రాగానే "ఉఠో బేటీ" అని భుజం తట్టి లేపింది. ఆ రోజు జరిగిన వాటిలో గుర్తుంచుకోవాలనిపించేది అదొక్కటే.

జులై, ఆగస్టు

నాకూ విటమిన్ డి బాగా తక్కువుందని తేలింది. ఆపరేషన్ కొన్ని వారాలు వాయిదా వేశారు. వారానికొక పొడి పొట్లం పాలలో కలుపుకుని తాగాలి, రోజూ కాల్షియం గోలీలు, పొద్దున కొంచెం ఎండ. నేను బీడీలు చెయ్యను కదా అన్నాను. ఇంటి నుంచి బడికి గొడుగులో, బడిలో నీడలో, ఒంటి నిండా చీర, ఎండ ఎక్కడ తగులుతుంది మీకు అన్నారు డాక్టరమ్మ.

మా ఆయనకు నవ్వొచ్చింది, కోపమూ వచ్చింది. "నిజామాబాద్ జిల్లా మనిషికి ఎండ తక్కువైందట! చెరుకు తీర్గ లారీలల్ల నింపి పట్నానికి మనమే పంపాలె ఎండను." తర్వాత గొంతు తగ్గించి, "గిప్పుడు ఇంటికి పోతే నువ్వు మల్ల రావు. నాకెర్కే. ఇప్పుడే కొయ్యమని అడుగుదాం," అన్నాడు.

ఆయన భయం నిజమే. గడ్డ ఊరుకోలేదు. రెండు దిండ్లు పెట్టుకుని కూర్చునే నిద్రపోయేదాన్ని. ఒక్కో వారం గడిచేకొద్దీ, ఈ పొట్లాల కోసం ఆగి గొంతు పూడి చచ్చిపోతానేమో అనిపించేది. ఆగకుండా పోతే అక్కలాగా పోతాను. ఈ రెండింటి మధ్య రెండు నెలలు కూర్చోవడం ఎలా ఉంటుందో నన్ను ధైర్యం అడిగేవాళ్ళకు చెప్పను.

పొద్దున బడికి ముందు డాబా మీద కూర్చునేదాన్ని. పక్క డాబా ఆమె వడియాలు ఎండబెడుతూ, "టీచరమ్మ గూడ ఆరుతున్నది, కాకులు తన్నుకపోతయి, పైలం," అనేది. ఆమెకు కారణం చెప్పలేదు.

బావకు మాత్రం చెప్పాను. అప్పటికి ఆయనకు వేరే సంసారం ఉంది. ఆ ఇంట్లోనే, ఆ అర్రలోనే ఇంకొకామె చాట పెట్టుకుని కూర్చుని ఉంది. అక్క ఎందుకు పోయిందో డాక్టరమ్మ అన్నదంతా చెప్పాను. బావ బీడీ కట్టలు సర్దుతూ విన్నాడు.

"ఇప్పుడెందుకు చెప్తున్నవ్ శోభా? సల్లారిన పొయ్యిల ఊదుతవేంది?"

"మూతి మీద చీమలు అన్నది బస్సుల. యాదికుందా?"

"యాదికి లేదు," అన్నాడు. లోపలున్న ఆమె పని ఆపి మా వైపు చూసింది. చెయ్యి ఒకసారి విదిలించి మళ్ళీ ఆకు తీసుకుంది. నేను చాయ్ తాగకుండా వచ్చేశాను.

అవ్వకు అక్క సంగతి నేను చెప్పలేదు. ఆపరేషన్ అనగానే నా నోటికి చెయ్యి అడ్డం పెట్టింది. "ఒకదాన్ని మింగింది సాలదా? గడ్డతోటే బతుకు. నాకు నువ్వు గావాలె." ఆమెను ఒప్పించింది మా ఆయన. "ఈసారి ముందుగాల మందు పోస్తున్నరు అత్తా, పొలానికి పోసినట్టు," అన్నాడు. అవ్వకు ఆ మాట అర్థమైంది. "ముందుగాల పోసుడు మంచిదే," అంది. ఆసుపత్రికి తనూ వస్తానంది.

రెండోసారి పరీక్షలో విటమిన్ పెరిగిందని తేలింది. ఆపరేషన్‌కు ముందు రోజు డాక్టరమ్మ నా మంచం దగ్గరికి వచ్చి కూర్చున్నారు. "ఈ పొట్లాలు తాగారు కాబట్టి తిమ్మిర్లు రావని కాదు. రావచ్చు. వస్తే తట్టుకునేందుకు ఒంట్లో కొంత నిల్వ ఉంది, అంతే. వచ్చిన నిమిషం చెప్పాలి. ఎవరేమన్నా సరే చెప్పాలి."

"ఇవన్నీ చేసుంటే మా అక్క బతికేదా?"

"చెప్పలేను," అన్నారు. "ఆ రోజుల్లో విటమిన్ డి సంగతి మేమెవరం ఇంతగా చూసేవాళ్ళం కాదు." లేస్తూ, "తిమ్మిర్ల సంగతి మాత్రం అప్పుడూ తెలుసు," అన్నారు.

సెప్టెంబరు

మెలకువ వచ్చాక మొదట గొంతు చూసుకోలేదు. వేళ్ళు కదిపి చూసుకున్నాను. బొటనవేలితో ఒక్కో వేలిని తాకాను. పెదవులు తడిమాను. ఆ రోజంతా అదే పని. అవ్వ చూసి, "ఏం లెక్కవెడుతున్నవే?" అంది. ఏం లేదన్నాను.

మర్నాడు పొద్దున వచ్చింది. ముందు ఎడమ చేతి వేళ్ళ కొనలు జుమ్మన్నాయి. అది నా భయమేమో అనుకుని ఊరుకోబోయాను. పళ్ళు తోముకుంటుంటే పై పెదవి మీద సన్నగా పాకింది. తుడుచుకున్నాను. తుడుచుకున్నాక తెలిసింది, బస్సులో అక్క చేసింది ఇదే.

నర్సు మంచం దుప్పటి సర్దుతోంది. చెప్పాను.

"పడుకున్న వైపు చెయ్యి నలిగి ఉంటుందండి. కాస్త విదిలించండి, పోతుంది."

విదిలించడం అనే మాట వినగానే నాకు ఒళ్ళు మండింది. కుట్ల మీద అరవకూడదు. అయినా గట్టిగానే అన్నాను.

"విదిలించను సిస్టర్. నా చేతులకు ఎప్పుడూ తిమ్మిర్లు లేవు. నేను బీడీలు చెయ్యను. మూతికి కూడా ఉంది. డాక్టరమ్మను పిలవండి. మీరు పిలవకపోతే నేనే లేచి పోతాను."

ఆమె నా మొహం చూసి పరుగెత్తింది. పాపం, చిన్న పిల్ల. తర్వాత నా దగ్గరికి వచ్చి తానే రెండుసార్లు క్షమించమంది. డాక్టరమ్మ వచ్చారు, రక్తం తీశారు, చెవి ముందు వేలితో తట్టి మూతి అదురుతుందేమో చూశారు. కాల్షియం తగ్గింది, కాని మరీ కిందికి పోలేదన్నారు. ముందు మందు తాగడం మేలైందన్నారు. కుడి చేతి నరానికి సీసా పెట్టి సన్నగా ఎక్కించమని చెప్పి, గుండె చూపించే మిషన్ తగిలించి వెళ్ళారు.

అవ్వ స్టూలు దగ్గరికి జరుపుకుని నా ఎడమ చెయ్యి ఒళ్ళోకి తీసుకుంది. ఎవరూ చెప్పకుండానే పిసకడం మొదలుపెట్టింది.

"ఏం సీసనే గిది?"

"కాల్షియం అవ్వా."

అవ్వ వేళ్ళు ఆగాయి.

"బర్రెలకు ఎక్కించే కాల్షమా?"

మా పల్లెల్లో పశువులున్న ప్రతి ఇంటికీ ఇది తెలుసు. బాగా పాలిచ్చే బర్రె ఈనిన ఒకటి రెండు రోజులకు వణుకుతుంది, కాళ్ళు నిలవక కూలబడుతుంది. పశువుల డాక్టరును పిలుచుకొస్తే కాల్షియం సీసా నరానికి ఎక్కిస్తాడు. సీసా అయిపోయాక కాసేపటికి బర్రె లేచి నిలబడి గడ్డి అందుకుంటుంది. ఇన్నేళ్ళు చదివిన నాకు ఆ సంగతి ఒక్కసారి కూడా తట్టలేదు.

"అదే," అన్నాను.

అవ్వ సీసా వంక చూసి అడిగింది. "గంగమణికి గూడ గిదే తక్కువైందా?"

"అది వేరే అవ్వా."

"అబద్ధమాడకు. ఏలు బిగుసుకునుడు నేను సూడలేదా?" గొంతు పెంచలేదు. "గా యాడాది గూడ బర్రె ఈని పడిపోయింది. నిలవడ్డ కాళ్ళ మీద ఉరికి పశువుల డాక్టర్ను దోల్కచ్చిన. కొట్టంల సీస ఎత్తి వట్టుకున్న. నెల గాకముందే బిడ్డ పడిపోయింది." నా చెయ్యి ఒళ్ళోంచి తీసి మంచం మీద పెట్టింది. "బర్రెకు సీస ఎక్కించినం. బిడ్డకు చెయ్యి పిసికినం."

ఆ చెయ్యి నేను మళ్ళీ ఆమె ఒళ్ళో పెట్టాను.

కాసేపటికి నర్సు వచ్చి సీసా చూసింది. నా వేళ్ళు పట్టుకుని, "తగ్గుతోందా అండి?" అని అడిగింది.

నేను నోరు తెరిచేలోపే అవ్వ అంది. "తగ్గుతది బిడ్డా. సీస ఒడిసినంక లేసి నిలవడుతది. గడ్డి గూడ తింటది."

నర్సుకు అర్థం కాక నవ్వింది. "ఎవరు అవ్వా?"

అవ్వ సీసాలో ఇంకా ఎంత ఉందో చూస్తూ కూర్చుంది.